ఎస్తేరు అరగంటలు

నన్ను తెలివైనదన్న వాళ్ళందరి ముందూ ఏడేళ్ళుగా తల వంచుకుంటున్నాను. అణకువ అనుకున్నారు. అది అణకువ కాదు. ఈ సంగతి నా భర్తకు తెలియదు, మా అమ్మకూ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలననిపిస్తోంది.

పాప ఇప్పుడే నిద్రపోయింది. లేచేలోగా రాయాలి. ఈ సాయంత్రం ఇక్కడ కోస్గిలో మా పక్కింటావిడ తన కూతుర్ని తీసుకొచ్చింది. వచ్చే నెల ఆ అమ్మాయి కాలేజీలో చేరుతోంది. "ఏ యాళ్ళకు ఏం సదువాల్నో జర మా పిల్లకు చెప్పు బిడ్డా. నువ్వు అందర్ల అవ్వల్ వచ్చినవంట గద" అంది. చెప్పాను. ఏ పూట ఏ పాఠమో ముందే రాసిపెట్టుకోమన్నాను. ఏ రోజు పాఠం ఆ రోజే ముగించమన్నాను. చక్కగానే చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి ముఖం వైపు చూడలేదు.

నేను భువనగిరి నుంచి, ఎస్తేరు తిరుమలగిరి దగ్గరి పల్లె నుంచి పట్నం కాలేజీకి వచ్చాం. హాస్టల్లో ఒకే గది. నాకంటే ఏడాది పెద్దది, నన్ను చెల్లె అనేది. వాళ్ళ అమ్మానాయినలు కూలికి పోయేవాళ్ళు. చర్చి పెద్దలు ఆమెను చదివిస్తున్నారు. ఆరునెలల పరీక్ష తప్పితే చదువు ఆపేస్తామని ముందే చెప్పారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

పాఠాలన్నీ ఉర్దూలో. ఇద్దరికీ కష్టమే. చరిత్ర పుస్తకం ఇద్దరికీ కలిపి ఒక్కటే దొరికింది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఆమెకు, ఆరు నుంచి భోజనాల గంట కొట్టే ఎనిమిది దాకా నాకు అని పంచుకున్నాం. ఆమె వెలుతురు కోసం వసారాలో కూర్చునేది. గడియారం నాది, గదిలో నా పెట్టె మీద ఉండేది. ఆరు కాగానే నేను వెళ్ళి పిలవాలి.

మొదటి నెలలోనే చరిత్ర చెప్పే ఆవిడ ఎస్తేరు జవాబును క్లాసులో చదివి వినిపించింది. నాది పక్కన పెట్టింది. ఆ రోజు నాకేమనిపించింది? పరీక్ష తప్పితే నాయిన పెళ్ళి చేసేస్తాడన్న భయం, అంతే, అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. భయం నిజమే. కానీ దాని అడుగున ఇంకొకటుంది. మా ఇంటి గడప తొక్కనివ్వని వాళ్ళ పిల్ల నాకంటే ముందుండటం నేను ఓర్చుకోలేకపోయాను. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఏడేళ్ళు పట్టింది.

మరునాడు అయిదున్నరకే వెళ్ళి ఆరయిందన్నాను. వచ్చి గడియారం చూస్తుందేమోనని ముల్లు ముందుకు తిప్పి మరీ వెళ్ళాను. ఆమె తలెత్తి వసారా స్తంభం నీడ వైపు చూసింది.

"ఏందే చెల్లె, నీడ ఇంక మెట్టు గూడ దిగలే. గప్పుడే ఆరెట్లయితది?"

నాట్లేసే తల్లి వెంట పెరిగిన పిల్ల. నీడ చూసి వేళ చెబితే తప్పేది కాదు.

"గిది మీ పొలం గట్టనుకున్నవా, నీడ జూసి పొద్దు చెప్పనీకి? పట్నంల గడియారం జూస్తరు" అన్నాను. పక్క గది పిల్లలు పకపకా నవ్వారు.

ఎస్తేరు లోపలికొచ్చి గడియారం చూసింది. "అవ్ గదా. ఇగ నా కండ్లను నమ్ముకుంటే అయినట్టే!" అని తనూ నవ్వి, పుస్తకం నా చేతికిచ్చింది.

ఆ తర్వాత ఆమె నీడ వైపు చూడటం మానేసింది. నేను మానలేదు. పరీక్షల దాకా, రోజూ అరగంట. ఆమె అటు తిరగగానే ముల్లు వెనక్కి తిప్పేదాన్ని. కొన్నాళ్ళకు అది తలుపు గడియ పెట్టినంత మామూలు పనైపోయింది. నేను పదిహేను పేజీలు చదివే వేళలో తాను తొమ్మిది దాటలేకపోతున్నానని ఎస్తేరు లెక్కవేసుకునేది. నెమ్మదిగా ఆ లెక్కను నమ్మింది.

ఆమె తప్పింది. నాకు అందరికంటే ఎక్కువ మార్కులు. వేళ విలువ తెలిసిన పిల్లంటూ వార్డెనమ్మ నన్ను మిగతావాళ్ళకు చూపించింది. ఎస్తేరు తప్పినందుకు ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. అలాంటి ఇంటి పిల్ల కదా అన్నట్టు ఊరుకున్నారు. ఆమె కూడా. పెట్టె సర్దుకుంటూ, "నా బుర్రే మొద్దు చెల్లె. నువ్వు ఫికర్ జెయ్యకు, మంచిగ సదువుకో" అంది. బండి రావడానికి ఇంకా చాలాసేపుంది. అప్పుడైనా చెప్పవచ్చు కదా? ఆమె పెట్టె గుమ్మం దాకా మోశాను. నేను చేసింది అంతే.

ఇప్పుడామె ఒక దవాఖానలో ఆయా. పాప పుట్టినప్పుడు మా ఊరివాళ్ళతో కబురు పంపింది, బిడ్డకు నా బుర్రే రావాలని. అప్పటినుంచి పాప ముఖం చూసినప్పుడల్లా భయం. నా నుంచి దీనికి ఏం వస్తుంది?

ఆమెకు ఉత్తరం మొదలుపెట్టి చించేశాను, చాలాసార్లు. క్షమిస్తుందని తెలుసు. ఆమె క్షమిస్తే తేలికయ్యేది నాకే. ఆమె చదువు తిరిగి రాదు కదా. తనను తాను మొద్దు అనుకుంటూ బతికిన ఈ ఏడేళ్ళు రావు. అయినా రేపు రాస్తానా? రాస్తానని మాట ఇవ్వలేను, నన్ను నేను ఎరుగుదును.

కానీ ఎక్కడో ఒకచోట రాతలో ఉండాలి. ఎస్తేరు మొద్దు కాదు. నేను దొంగను.

ఈ రెండు మాటలూ పక్కపక్కన మొదటిసారి చూస్తున్నాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకంటే అడిగే హక్కు నాకు లేదు.