రాతి లారీలో ప్రొద్దుటూరుకు

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఉన్న మా చెల్లెలు రంగమ్మకు నొప్పులు వస్తున్నా కాన్పు కావడం లేదని, ఆపరేషన్ చేయాల్సి రావచ్చని కర్నూలుకు తంతి వచ్చింది. అది చదివి వినిపించగానే మా అమ్మ పొయ్యి ఆర్పేసి, "పద, పోదాం" అంది. మాది మగ్గాల కుటుంబం. నేను కర్నూలులో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. మామూలు రోజుల్లో అది కష్టమైన ప్రయాణం కాదు. పొద్దున్నే రైలెక్కి, ద్రోణాచలంలో బండి మారి, నంద్యాలలో దిగితే అక్కడి నుంచి బస్సు దొరుకుతుంది. మనిషికి నాలుగైదు రూపాయల ఖర్చుతో చీకటి పడేలోగా చేరిపోవచ్చు. కానీ అప్పటికి మూడు రోజులుగా ముసురు. చినుకు కోసం ఏడాదంతా మొహం వాచే మా సీమను ఆ ఏడు వాన పగబట్టినట్టు పట్టుకుంది.

మా బండి బేతంచెర్ల దాకా వచ్చి ఆగిపోయింది. ఎంతకీ కదలకపోయేసరికి దిగి స్టేషన్ మాస్టరును అడిగాను. "తంతి తీగలు తెగినాయమ్మా. అవతలి స్టేషనోళ్లు దారి ఖాళీగా ఉండాదని చెప్తేనే నేను బండి వదలాల. మనిషిని నడిపించి పంపినాం. వాడు తిరిగొచ్చేది ఎప్పుడో" అన్నాడాయన. పట్టాలు బాగానే ఉన్నాయి కదా అన్నాను. "ఉండాయో లేదో చెప్పేదానికే కదమ్మా తీగ" అని తల పట్టుకున్నాడు. ఆ మాట వినగానే అమ్మ మూట చంకన పెట్టుకుని స్టేషన్ బయటికి నడిచింది.

బయట నాపరాతి బండలు ఎత్తిన లారీ ఒకటి బయల్దేరుతోంది. డ్రైవరు మస్తాన్, నడివయసు మనిషి. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరుకే పోతున్నాడు. అమ్మ చెల్లెలి సంగతి చెప్పగానే ముందు సీటు మీది గోనెపట్టా దులిపి, "ఎక్కమ్మా, బిడ్డకు బాగలేనప్పుడు అడిగేదేముండాది" అన్నాడు. బనగానపల్లె మామిడితోటలు దాటేదాకా దారి బురదగా ఉన్నా సాగింది. కోవెలకుంట్లలో హోటలామె ఉగ్గాని పెట్టి, "జమ్మలమడుగు బస్సు పొద్దున పోయింది, తిరిగి రాలేదు. చూసుకొని పోండప్పా" అని హెచ్చరించింది. అమ్మ విస్తరి ముట్టలేదు.

ఆ బస్సు ఎందుకు రాలేదో మధ్యాహ్నానికి తెలిసింది. ఎప్పుడూ ఇసుకే తప్ప నీరు కనిపించని ఒక వంక, రోడ్డు మీదుగా ఎర్రగా పారుతోంది. బస్సు ఇవతలి గట్టున నిలబడిపోయింది. అవతలి గట్టున ఒక జీపు, దాని పక్కన గొడుగు పట్టుకుని ఒకాయన. ప్రొద్దుటూరులో ఊరికి కరెంటు ఇచ్చే ఇంజన్ల షెడ్డు చూసే ఓవర్సీరట. రైళ్లు ఆగిపోవడంతో ఎర్రగుంట్లకు రావలసిన ఆయిలు రాలేదని, దానికోసం ఇటు బయల్దేరానని అరిచి చెప్పాడు. "ఉన్న ఆయిలు అయిపోవచ్చింది! ఇంజను ఆగితే కుళాయిలు ఆగుతాయి! ఆసుపత్రిలో నీళ్లుండవు!"

ఆసుపత్రి అన్న మాట వినగానే అమ్మ బురదలోనే నీటి అంచుదాకా నడిచింది.

బస్సు వెనక ఒక ఎద్దులబండి ఆగి ఉంది. అందులో రెండు పీపాల ఆయిలు. తన బావి ఇంజను కోసం ఓబుళరెడ్డి అనే రైతు తీసుకుపోతున్నాడు. అందరూ తనవైపే చూస్తుంటే ఆయన కాసేపు మీసం తడుముకున్నాడు. "ఇంత వాన పడినాక నా ఇంజనుకు పనేముండాది? తీస్కపోండి. కానీ దాటించేదెట్లా?"

"బస్సయితే తేలిపోతాది. నా బండి కదలదు. ఎనక ఇంత బరువు బేతంచెర్ల బండలుండాయి" అన్నాడు మస్తాన్. అయినా వెంటనే నీళ్లలోకి దిగలేదు. రోడ్డు అంచున పాతిన రాళ్ల తలలు నీటిపైకి తేలేదాకా ఆగాడు. పీపాలను బండల మీద తాళ్లతో బిగించాడు. మమ్మల్ని గట్టునే ఉండమన్నాడు. "ఆడ నా బిడ్డ ఉండాది" అని అమ్మ ఎక్కి కూర్చుంది. ఆమెను వదిలి నేనెక్కడ ఉంటాను?

ఓబుళరెడ్డి నడుముకు మోకు కట్టుకుని, కర్రతో రోడ్డు తడుముతూ ముందు నడిచాడు. మోకు రెండో కొస బస్సులోని మగవాళ్ల చేతుల్లో ఉంది. నీళ్లు లారీ తలుపుల దాకా వచ్చాయి. నడిమధ్య ఒక చక్రం జారి, బండి ఒక పక్కకు ఒరిగి, ఇంజను దగ్గింది. తలుపు తీసుకుని దూకేయాలనిపించింది నాకు. "కదలొద్దు తల్లీ!" అని మస్తాన్ అరిచాడు. వెనక బండలు ఒకదానికొకటి రాసుకుని కీచుమన్నాయి. అంతలో చక్రానికి గట్టినేల తగిలింది. గట్టెక్కాక మస్తాన్ దిగి పీపాల తాళ్లు సరిచూశాడు; ఓబుళరెడ్డి మోకు పట్టుకుని తన ఎద్దుల దగ్గరికి మళ్లాడు.

జీపు ముందు, మేము వెనక, దీపాలు పెట్టే వేళకు ప్రొద్దుటూరు చేరాం. ఊళ్లో ఒక్క దీపమూ లేదు. ఇంజను మధ్యాహ్నమే ఆగిపోయిందట. పీపాలు షెడ్డుకు పోయాయి, మేము ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరమ్మ వరండాలోనే ఎదురైంది. నేను చెల్లెలి పేరు చెప్పాను.

"ఆపరేషన్ మధ్యాహ్నమే అయిపోయిందమ్మా. తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల" అందామె. ఆయిలు మేము ఇప్పుడే తెచ్చాం, మరి నీళ్లెలా అని అడిగాను. పెరట్లోకి చూపించింది. కుళాయిలు వచ్చాక ఆ పాత బావిని పూడ్చేయమని అందరూ చెప్పారట. ఆమె ఒప్పుకోక, ఏటా వేసవిలో పూడిక తీయిస్తూ వచ్చింది. ఆ నీళ్లే తోడి, కాచి, కిటికీ వెలుతురులోనే పని కానిచ్చారు. "మీ ఆయిలు కోసం కాచుకుని ఉంటే మీ చెల్లెలు దక్కేది కాదు" అంది మెల్లగా. అమ్మ లోపలికి పోయింది. మధ్యాహ్నం నుంచి తోడుతున్న ఆయాల అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఒకామె చేతిలోంచి చేంతాడు తీసుకుని, మళ్లీ కుళాయి వచ్చేదాకా నేనూ తోడాను.

తీగ తెగితే బండి ఆగింది, బండి ఆగితే ఆయిలు ఆగింది, ఆయిలు ఆగితే నీళ్లు ఆగాయి. అంతకుముందు ఇవన్నీ వేటికవే అనుకునేదాన్ని. ఆ రోజు మేము ప్రాణాలకు తెగించి తెచ్చిన ఆయిలు మా రంగమ్మకు అక్కరకు రాలేదు. అందుకు నాకు బాధ లేదు. వార్డులో ఇంకా ఎంతోమంది ఉన్నారు, వాళ్లకు ఆ రాత్రి నీళ్లు వచ్చాయి. వానాకాలంలో ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: కుళాయిని నమ్ముకుని మూటలో చెంబు ఒక్కటే సర్దుకోకండి, చేంతాడు కూడా పెట్టుకోండి.