జువ్వలదిన్నె పియానో టీచరమ్మ

మా పియానో టీచరమ్మ పోయారని పోయిన వారం ఫోనొచ్చింది. కావలిలో నేను పనిచేసే స్కూల్లో అప్పుడు పిల్లలచేత స్వాగత గీతం పాడిస్తున్నాను. ఫోన్ పెట్టేసి పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఇక సాయంత్రం జువ్వలదిన్నె ఆటో కోసం పరిగెత్తక్కర్లేదు కదా అనిపించింది మొదట. అలసిపోయిన మనిషికి ముందు తోచేవి అలాంటివే.

మీలో చాలామందికి ఆమె తెలియదు. జువ్వలదిన్నెలో, చేపలు ఎండబెట్టుకునే ఇసుక పక్క వీధిలో, ఒక పియానో విద్వాంసురాలు ఉందంటే కావలి వాళ్ళే నమ్మేవాళ్ళు కాదు. వాళ్ళ నాన్నగారు మిషన్ బడిలో హెడ్‌మాస్టరు. కూతుర్ని చిన్నతనంలోనే మద్రాసు పంపి పాశ్చాత్య సంగీతం చెప్పించారు. ఆమె మద్రాసులో, బొంబాయిలో, కలకత్తాలో పెద్ద పెద్ద హాళ్ళలో ఒంటరిగా వేదిక మీద కూర్చుని కచేరీలు చేశారు. వాళ్ళమ్మ మంచాన పడితే చూసుకోవడానికి ఊరికి వచ్చారు. వెనకాలే లారీలో పియానో వచ్చింది. అమ్మ పోయాక మళ్ళీ మద్రాసు వెళ్ళిపోవచ్చుగా అని ఎవరైనా అంటే, "ఇంకోసారి లారీ ఎక్కిస్తే ఇది చస్తుంది. దీన్నొదిలి నేనెక్కడికి పోతాను?" అనేవారు. అప్పటికే ఇంటినిండా పిల్లలం చేరిపోయాం. మమ్మల్ని వదిలి వెళ్ళలేక ఉండిపోయారని నా అనుమానం. ఆ మాట ఒప్పుకునే మనిషి కాదు.

సముద్రం దగ్గర పియానో ఉంచుకోవడమంటే పసిపిల్లను సాకడమే. చెమ్మకు చెక్క ఉబ్బుతుంది, తీగలు తుప్పు పడతాయి, వాయించే మెట్లు నొక్కితే పైకి లేవవు. వానాకాలం వచ్చిందంటే పియానో పొట్టలో చిన్న బల్బు వెలిగించి ఉంచేవారు, లోపల వెచ్చగా ఉండాలని. చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకుంటే తప్ప మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. కాఫీ గ్లాసుతో ఎవరు దగ్గరికొచ్చినా గుమ్మం దాకా తరిమేవారు, పాస్టరుగారితో సహా.

మిగతా విషయాల్లో కోపమే లేదు. "తప్పు వాయిస్తే వాయించావు, మొహం మాత్రం చూపించకు. జనం నీ మొహం చూసే తప్పు కనిపెడతారు" అనేవారు. ఒకసారి ఆమె ఇంట్లో కచేరీకి వచ్చిన మా ఊరివాళ్ళు పాట సగంలోనే చప్పట్లు కొడుతుంటే నేను విసుక్కున్నాను. "కొట్టనీవే. చేపల వేలం మానుకుని వచ్చి కూర్చున్నారు పాపం" అన్నారు.

కొన్నేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాం. ఆస్పత్రి నుంచి రాగానే నాకు కబురు పెట్టారు. "నాకు ఎడమ చెయ్యి ఉంది, నీకు కుడి ఉంది. వచ్చి కూర్చో" అన్నారు. అప్పటినుంచి ప్రతి సాయంత్రం ఒకే బల్ల మీద ఇద్దరం ఇరుక్కుని కూర్చుని, ఒక మనిషి వాయించాల్సింది చెరో చేత్తో వాయించేవాళ్ళం. ఆమె ఊపిరి తీస్తే నేనూ తీయాలి, లేకపోతే చేతులు కలవవు. స్కూలు, వంట, అత్తగారి మందులు, ఆటోలో కుదుపులు. ఒళ్ళు హూనమైపోయేది. ఒకరోజు, "ఇవాళ నావల్ల కాదు టీచరమ్మా" అన్నాను. "నావల్లా కాదు. అందుకే ఒక్క పేజీయే" అన్నారు.

పోయిన నెల ఉన్నట్టుండి అన్నారు. "నా తర్వాత ఇది నీది. ఇక్కడే ఉంచి పిల్లలకు చెప్పు. ఓపిక లేదంటే ఇప్పుడే చెప్పెయ్, ఏ హోటలువాళ్ళకో ఇచ్చేస్తాను. అలంకారానికి పెట్టుకుంటారు." ఆలోచించి చెబుతానన్నాను. నిజంగానే ఓపిక లేదు. ఆలోచన తెగకముందే ఆమె వెళ్ళిపోయారు.

సమాధుల తోట నుంచి టీచరమ్మ ఇంటికి తిరిగొచ్చేసరికి ఇల్లంతా తడిసి ఉంది. ఇరుగుపొరుగు బెస్తవాళ్ళ ఇళ్ళలో శవం గడప దాటగానే ఇల్లు కడగాల్సిందే. టీచరమ్మది చర్చి కుటుంబమైనా వాళ్ళకు ఇల్లు ఇల్లే. పసుపునీళ్ళతో గోడల దాకా కడిగారు. పియానో మూత తీసి ఉంది. దాని కింద నుంచి పచ్చగా నీళ్ళు కారుతున్నాయి.

"ఆయమ్మ ప్రాణమంతా ఈ పెట్టెలోనే గదా పాపా ఉణ్ణింది. దీన్ని మైలతో ఎట్టా ఒదిలేసేది? బాగా కడిగినాం" అంది పక్కింటి అక్క. టీచరమ్మకు చివరిదాకా చేప ముల్లు తీసి అన్నం కలిపి పెట్టిన మనిషి.

ఎవరి మీద అరవను? "దీనికి నీళ్ళు తగలకూడదక్కా" అన్నాను.

ఆమె మొహం వాడిపోయింది. "అయ్యో, చెడిపోయినాదా?" అంటూ కొంగు చేతికి చుట్టుకుని ఎడమ చివర నుంచి ఒక్కో మెట్టూ తుడవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళూ గోడ అవతల నుంచి వింటూ ఉన్న మనిషి, ఇవాళ్టిదాకా ఒక్కసారీ దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు కొంగు కింద ఒక్కో మెట్టూ పలుకుతోంది. కొన్ని బొంగురుగా; కొన్ని అసలు పలకడం లేదు. పలికినప్పుడల్లా ఉలిక్కిపడి నా వంక చూస్తోంది.

"పలకతానే ఉండాది పాపా."

తడి బల్ల మీదే కూలబడ్డాను. అప్పుడొచ్చింది ఏడుపు.

"ఫ్యాను వేసి ఉంచక్కా, ఆరాలి. రేపు సాయంత్రం వస్తాను" అన్నాను. టీచరమ్మకు చెప్పాల్సిన జవాబు, అక్కకు చెప్పాను.

అక్క తలూపింది. కుడి చివర దాకా తుడుచుకుంటూ వెళ్ళి, కొంగు పిండుకుని, మళ్ళీ ఎడమ నుంచి మొదలుపెట్టింది.