బూజు పట్టిన లెన్సు

మా అమ్మాయి కెమెరా పట్టుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. మొన్నటిదాకా ఎవరో ఒకరికి సాయంగానే వెళ్ళింది. బుచ్చయ్యపేటలో ఒక పెళ్ళి మొదటిసారి తన ఒక్కదాని చేతికి వచ్చింది. తన దగ్గరున్న లెన్సుతో దూరం నుంచి ముఖాలు రావు. కొత్తది కొనే శక్తి లేదు. చోడవరం బజారులో స్టూడియో మూసేస్తున్న పెద్దాయన ఒకాయన తన లెన్సు అమ్ముతున్నాడని తెలిసి, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది.

ఆయన తోలు సంచిలోంచి లెన్సు తీసి లైటుకు ఎదురుగా పట్టాడు. గాజు లోపల, ఒక పక్కగా, సాలీడు పోగుల్లాంటి సన్నటి గీతలు.

"బూజు అమ్మలూ. ముందే సెప్పేస్తన్నాను. పాడైపోతాదని సంచిలోంచి తియ్యకుండా దాసేను. ఆ సంచిలో సెమ్మే దీన్ని తినేసింది," అన్నాడు.

మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. "పెళ్ళి మళ్ళీ సేయించలేం కదా బాబాయ్. ఫొటోలు పోతే నన్నింకెవరు పిలుస్తారు?"

"కొనమని నేనన్లేదు. తీసి సూసుకో."

పాత వార్తాపత్రిక ఒకటి గోడకు అంటించాడు. లెన్సు సంగతి తేల్చుకోవడానికి ఫొటోలవాళ్ళు అలాగే చేస్తారట. అమ్మాయి ఫొటో తీసి, కెమెరా వెనక తెర మీద పెద్దది చేసి చూసింది. "అన్నీ సదువుతన్నాను కదా. బానే ఉంది," అంది, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

"ఏదీ, ఇటియ్యి," అన్నాను.

నాకు అక్షరాలు వచ్చి నాలుగేళ్ళే. ఈ పిల్లే కూర్చోబెట్టి నేర్పింది. చిన్నప్పుడు చదువుకున్నవాళ్ళు మాట సగం చూసి మిగతాది ఊహించేసుకుంటారు. నాకది చేతకాదు. అక్షరం, కింద వత్తు, పక్కన కొమ్ము, అన్నీ కనబడితేనే నాకు మాట. తెర మధ్య నుంచి వేలు పెట్టి మొదలుపెట్టాను. మెల్లగానైనా వచ్చింది. కుడి అంచుకు వచ్చేసరికి ఆగిపోయాను.

"ఒసే, ఇక్కడ వత్తు లేదే. మసగ్గా ఉంది."

"అది 'రాష్ట్రం' అమ్మా!"

"నీకు ముందే తెలుసు గనక అంటన్నావు. నాకు కనబడాల కదేటి."

పెద్దాయన పకపకా నవ్వాడు. "ఇన్నేళ్ళ నుంచి లెన్సులు సూస్తన్నాను సెల్లీ, నీలాగ సూసినోళ్ళని సూళ్ళేదు." లెన్సు లోపలి కన్ను కొంచెం చిన్నది చేసి మళ్ళీ తీయమన్నాడు. ఈసారి అంచు దాకా చదివాను. వత్తు కనబడింది.

"ఇలాగ తియ్యాలంటే వెలుతురుండాల. ముహూర్తం ఎప్పుడు?"

"పగలే బాబాయ్." అమ్మాయి నా వైపు తిరిగింది. "ఏటి సేద్దామమ్మా?"

"వెలుతురు తగ్గితే దీనికి ఎక్కడ కనబడదో తెలిసిపోయింది కదా. అక్కడ ముఖాలు పెట్టకు."

"పెళ్ళికొడుకు మేనత్తల్ని పెడతాన్లే."

"పెట్టు. ఇంక ఆ ఊళ్ళో నిన్నెవరూ పిలవరు."

ముగ్గురం నవ్వుకున్నాం. లెన్సు తీసుకున్నాం. తోలు సంచి మాత్రం వద్దని ఆయన తన దగ్గరే ఉంచేసుకున్నాడు.

ఆ పెళ్ళి ఫొటోలు బాగా వచ్చాయి. నేను దాచుకున్నది మాత్రం ఆ రోజు స్టూడియో బయట తీసినది. పెద్దాయన పక్కన నన్ను నిలబెట్టి అమ్మాయి కెమెరా ఎత్తింది. అలవాటుకొద్దీ నేను పక్కకు జరిగిపోయాను. మా ఇంటి ఫొటోలన్నింటిలోనూ నేను చివరనే, సగం తెగిపోయి ఉంటాను.

"అమ్మా, ఆ అంచుకెళ్తే మసకైపోతావు," అంది. "మధ్యకి రా."

వచ్చి నిలబడ్డాను.