కోడి సంవత్సరపు రాకుమారి

ప్యో జమ్‌న్యే రాజధాని హన్సంగ్‌లో కాలువ వంతెన పక్కన నలభై ఏళ్లుగా, ఏడాదికో జంతువు పేరుండే పన్నెండేళ్ల చక్రం ప్రకారం పెళ్లి పొంతనలు చూసేది. కుదరని జంటకు కుదిరిందని ఒక్కసారీ రాయలేదు. కసాయివాళ్లయినా న్యాయమూర్తులైనా ఆమె ముద్ర పడిన కాగితం చేతికొచ్చాకే ముహూర్తం మాట ఎత్తేవారు. ఆ నమ్మకమే ఆమె జీవనాధారం.

ఒక మధ్యాహ్నం మేంగ్ అనే రాజప్రాసాద సచివుడు బట్టల వర్తకుడి వేషంలో వచ్చాడు. మన యువరాజుకూ ఉత్తరాది మంచూ చక్రవర్తి మనవరాలికీ పెళ్లి చేయాలని రెండు దర్బారులూ రహస్యంగా ఒప్పందం చేసుకున్నాయి. తూర్పు సముద్రం అవతలి పొరుగు రాజ్యంవాళ్లకు తెలిస్తే గొడవని అంత గుట్టు. అందుకని సచివుడు పేర్లు చెప్పకుండా ఇద్దరి పుట్టిన తేదీలూ ఘడియలూ మాత్రం ఆమె ముందు పెట్టాడు.

“మా మేనల్లుడు, అవ్వా. పల్లెటూరి పిల్లాడు.”

“మీ మేనల్లుడి పుట్టినరోజుకి దేశమంతా సెలవు కదా నాయనా. బాణసంచా కూడా కాలుస్తారు.”

సామ్రాజ్యం గుట్టు కాపాడుతున్న మేధావి ఇతనే. ముఖం తుడుచుకుని, పొంతన ఎలా ఉందో చెప్పమన్నాడు.

“అబ్బాయిది పులి సంవత్సరం, అమ్మాయిది కోడి. ఒకరి పొడ ఒకరికి గిట్టదు. వద్దు.”

“కోడిని కుక్క చేసెయ్. ఏడాదే కదా తేడా! పులికీ కుక్కకీ భేషుగ్గా కుదురుతుంది.”

“పుట్టిన పిల్లని మళ్లీ పుట్టించమంటావా? మంత్రసానిని పిలుచుకో.”

“రాణీగారు నీ ముద్ర ఉంటేనే నమ్ముతారు. వెయ్యకపోతే రేపు నీకు దుకాణం ఉండదు.”

బార్లీ టీ చల్లారేదాకా ఆలోచించి, జమ్‌న్యే ముద్ర వేసింది.

వసంతంలో పెళ్లి ప్రకటన వెలువడింది. రాకుమారిది కుక్క సంవత్సరమని, జమ్‌న్యే ముద్ర బొమ్మతో సహా, పత్రికలన్నీ అచ్చేశాయి. మా పత్రిక కూడా. అదే వారం మంచూ దర్బారు మనవరాలి బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది. దాని మీద ఆమె పుట్టిన ఏడాది అచ్చయి ఉంది. రెండు దర్బారుల్లో ఒక్కడికైనా ఆ బిళ్ల ఆపాలని తట్టలేదు. పంచాంగం లేని ఇల్లు మన ఊళ్లో లేదు. అది కోడి సంవత్సరమేనని మధ్యాహ్నానికల్లా బజారంతా తేల్చేసింది.

మర్నాడు చేపలమ్మే బాంగ్ ఒక్‌సిమ్ ఇదివరకు అక్కడే ముద్ర వేయించుకున్న తన కూతురి పొంతన కాగితం పట్టుకుని దుకాణానికి వచ్చింది.

“అక్కా, మా పిల్లది కోడా, కుక్కా? ఏ జంతువు కావాలంటే ఆ జంతువు చేస్తావటగా.”

“నీ కూతురి కాగితంలో రాసింది నిజమేనే. ఒట్టు.”

“రాణీగారికీ ఇలాగే ఒట్టేసి ఉంటావ్.”

ఒక్‌సిమ్ కాగితం మడిచి బొడ్లో దోపుకుని, వంతెన అవతలి జాతకాలాయన దగ్గరికి నడిచింది. బయట వంతు కోసం నిలబడ్డ నలుగురు ఆడవాళ్లూ ఆమె వెంటే వెళ్లారు.