మూత మీద కూర్చున్న కాపలావాడు

కోవిడ్‌కు ముందు సంవత్సరం. సిడ్నీ పడమటి వైపు ఒక ఆసుపత్రిలో రేడియోగ్రాఫర్‌గా ఎమ్మారై స్కాన్లు తీసేదాన్ని. మనిషిని పడుకోబెట్టి ఇరుకైన సొరంగంలాంటి యంత్రంలోకి పంపుతాం. అది పనిచేస్తున్నంతసేపూ ఇనుప తలుపును ఎవరో బాదుతున్నట్టు చప్పుడు వస్తుంది.

ఒక ఉదయం వాల్టర్ అనే పెద్దాయనను కూతురు తీసుకొచ్చింది. వయసు తొంభై దాటింది. నడుము నొప్పి. చప్పుడు మొదలైన కాసేపటికే లోపలి నుంచి కేక.

“తెరవండి! మూత తెరవండి!”

పరుగున వెళ్లి బల్లను బయటికి లాగాను. ఆయన ఒళ్లంతా చెమట. “బయటికి వచ్చేశారు, భయం లేదు” అన్నాను.

“నేను కాదు,” అన్నాడు. “వాళ్లు.”

నాకేమీ అర్థం కాలేదు. కూతురు పక్కకు పిలిచి, ఆయన రెండో ప్రపంచ యుద్ధకాలంలో బందీలను తరలించే ఓడలో ఉన్నాడని చెప్పింది.

“అయ్యో, ఎంత నరకం చూశారో!”

ఆమె తల అడ్డంగా ఊపింది. “బందీగా కాదు. కాపలాకి.”

స్కాన్ వాయిదా వేద్దామంటే వాల్టర్ ఒప్పుకోలేదు. నన్ను లోపలే ఉండమన్నాడు. యంత్రాన్ని సహోద్యోగికి అప్పగించి, చెవులు మూసుకునే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆయన పాదం పట్టుకుని నిలబడ్డాను.

అయ్యాక లేచి కూర్చుని తనే చెప్పాడు. ఓడ అడుగున కిక్కిరిసిన బందీలు నీళ్ల కోసం పైమూతను బాదారట. తెరవొద్దని పై అధికారి ఆజ్ఞ. మిట్టమధ్యాహ్నం ఎండలో ఈయన ఆ మూత మీదే కూర్చున్నాడు. తర్వాత తెరిచి చూస్తే కొందరు లేవలేదు.

“నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. బాదడం మెల్లగా ఆగిపోయింది. నిద్రపోయారనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? ఇప్పుడు తెలియడం లేదు.”

మంచినీళ్లిచ్చాను. కప్పు పట్టుకున్నాడు గాని తాగలేదు.

దగ్గర్లోని గిరావీన్‌లో మా ఇంటికెళ్లి మా ఆయనతో చెప్పాను.

“సీరియస్‌లీ? మూత తియ్యనోడి కాలు పట్టుకుని ఓదార్చావా?”

“పేషెంట్ అండీ. భయపడుతున్నాడు.”

“ఓకే, పేషెంటే. కింద వాళ్లకి భయం వెయ్యలేదా మరి?”

ఆ రాత్రంతా ఎవరి మీద జాలిపడాలో తెలియక ఇంట్లో తిరిగాను.

ఎదుటివాడి భయం నాకు తెలిసిపోయిందనుకుని ఓదార్చకూడదని మాత్రం నేర్చుకున్నాను. ఇప్పుడు ముందు అడుగుతాను, తర్వాతే మాట్లాడతాను. వాల్టర్ మళ్లీ వచ్చి ఉంటే పాదం పట్టుకునేదాన్నా అంటే, పట్టుకునేదాన్నే. ఎందుకని అడిగితే మాత్రం ఇప్పటికీ చెప్పలేను.