జ్ఞానశేఖర్ కుడి పిడికిలి

పది టన్నుల పంపుల కింద పడుకుని తుప్పుపట్టిన నట్లు విప్పినప్పుడు ఏమీ కాని చెయ్యి, ఆఖరికి ఒక పనసకాయ కోసం విరిగింది.

జూన్ నెల, ఆదివారం. జ్ఞానశేఖర్ కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఆటో దిగుతున్నాడు. ఒళ్ళో పనసకాయ. కాయ జారిపోతుందేమోనని దాన్ని రెండు చేతులా గుండెకి హత్తుకుని, తనే జారి పడ్డాడు. కాయకి గీత కూడా పడలేదు. మనిషికి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆ వారమంతా జ్ఞానాపురంలో వాళ్ళింటికి చూడడానికి వచ్చినవాళ్ళు పనసతొనలు తింటూ చెయ్యి గురించి అయ్యో అన్నారు. రెండు పనులూ తీరిగ్గానే చేశారు.

ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే లోపలినుంచి వచ్చిన చెయ్యి అతనిది కాదు. టూత్‌పేస్టు నొక్కడానికి ఎడమ చేతిని పిలవాల్సి వచ్చింది. ఇరవయ్యారేళ్ళుగా ఓడల మరమ్మతు షాపులో ఫిట్టరు, అందులో ఎనిమిదేళ్ళు హెడ్ ఫిట్టరు. స్పానరుకి లొంగని నట్టు ఉందంటే అతన్నే పిలిచేవాళ్ళు. అలాంటివాడు కొబ్బరినూనె సీసా మూత తియ్యలేక, దీవెనమ్మ వంటింట్లో ఉందో లేదో చూసుకుని, దాన్ని యథాస్థానంలో పెట్టేశాడు. దీవెనమ్మ అతని భార్య, బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెబుతుంది. ఆవిడ కంట పడకుండా ఆ ఇంట్లో ఏదీ జరగదు. ఆ సాయంత్రం నుంచి సీసా మూతలన్నీ వదులుగా ఉండడం మొదలైంది. అది గమనించి అతనికి ఇంకా చిన్నతనమనిపించింది.

సంగతి ఇంటితో పోయేది కాదు. షాపులో ఒక రూలు ఉంది. ఫోర్‌మన్ గురునాథరావు పెట్టిన రూలు. హాజరు మిషను పక్కన మేకుకి ఒక హ్యాండ్ గ్రిప్పర్ వేలాడుతుంటుంది. రెండు అల్యూమినియం పిడులు, వాటిని కలుపుతూ పైన చిటికెనవేలంత లావు స్ప్రింగు. చేతికి దెబ్బ తగిలి సెలవు పెట్టినవాడెవడైనా బరువులెత్తే చైన్ పుల్లీ ముట్టుకోవాలంటే ముందు ఆ గ్రిప్పర్ మూయాలి. పిడులు రెండూ ఒకదానికొకటి తగిలి టక్‌మని మోగాలి. డాక్టరు ఇచ్చిన కాగితాలు గురునాథరావుకి అక్కర్లేదు. పూర్వం ఎప్పుడో, చెయ్యి సరిగ్గా కుదురుకోని ఒకడు గొలుసు వదిలేస్తే పంపు మూత పక్కవాడి పాదం మీద పడింది. అప్పటినుంచి ఆయన చెవులు టక్ అనే చప్పుడు తప్ప ఇంకే సాక్ష్యమూ ఒప్పుకోవు.

ఆగస్టులో జ్ఞానశేఖర్ పట్టి చూశాడు. రెండు వేళ్ళ సందు మిగిలిపోయింది. ఫోర్‌మన్ కోప్పడలేదు, జాలిపడలేదు. క్రిస్మస్ దాకా గడువిచ్చాడు. జనవరిలో పెద్ద ఓడ పని ఉంది, దానికి హెడ్ ఫిట్టరు కావాలి. అప్పటికీ మూయలేకపోతే ఆ పని ఇంకొకరిది, జ్ఞానశేఖర్ ఇక ఎప్పటికీ టూల్ రూములోనే.

టూల్ రూములో జీతం తగ్గదు. నెత్తిమీద ఫ్యాను ఉంటుంది, టీ కుర్చీ దగ్గరికే వస్తుంది. నన్నడిగితే హాయిగా ఒప్పుకునేవాణ్ణి. జ్ఞానశేఖర్‌కి మాత్రం అక్కడ కూర్చున్న మొదటి రోజే ఏడుపొచ్చింది. తను పని నేర్పినవాళ్ళు కిటికీ దగ్గరికొచ్చి గుర్తుగా ఇత్తడి బిళ్ళ ఇచ్చి స్పానరు తీసుకుపోతున్నారు. అవతల పంపు విప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవడో తప్పు నట్టు ముందు విప్పుతున్నాడని ఆ చప్పుడుని బట్టే తెలిసిపోతోంది. లేచి వెళ్ళడానికి లేదు.

జగదాంబ జంక్షన్ దగ్గర ఆటసామాన్ల కొట్లో సరిగ్గా అలాంటి గ్రిప్పరే కొన్నాడు. ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి బంతి ఇచ్చి, రోజు విడిచి రోజు నొక్కమంది, తొందరపడొద్దంది. అతను బంతి నొక్కాడు, కాదనలేదు. కానీ ఫిట్టరు బుర్ర ఊరుకుంటుందా? వస్తువు మాట వినకపోతే దాన్ని విప్పి, మార్చి, మళ్ళీ బిగించడమే అతనికి తెలిసిన వైద్యం.

ముందు రోగమెక్కడుందో చూశాడు. గ్రిప్పర్ సగం దాకా బాగానే వస్తోంది. ఆఖరి అరంగుళం దగ్గర చెయ్యి చచ్చుబడిపోతోంది. అయితే సగం దాకా పిసికి బలమంతా వృథా చేసుకోవడమెందుకు? పైపులకి బిగించే హోస్ క్లిప్పు ఒకటి తెచ్చి, రెండు పిడుల చుట్టూ తొడిగి, స్క్రూ బిగించాడు. ఇప్పుడు గ్రిప్పర్ పూర్తిగా తెరుచుకోదు. కష్టమైన ఆఖరి ముక్క మాత్రమే మిగిలింది. ప్రొద్దున పది, సాయంత్రం పది. చెమటకి జారకుండా పిడులకి సైకిలు ట్యూబు చుట్టాడు. నెల తిరిగేసరికి రెండు వేళ్ళ సందు ఒక వేలైంది. అక్టోబరులో కొబ్బరినూనె సీసా మూత తనే తీసి, మళ్ళీ గట్టిగా బిగించి పెట్టాడు. ఆ మూత రాక దీవెనమ్మకి తలంటుకోవడానికి నూనె దొరకలేదు. 

తర్వాతి ఆలోచన ఇంకా గొప్పది. పిడులు తగిలే చోట లోపలివైపు కాస్త ఆకురాయితో రాసేస్తే, తగలడానికి ఇంకొంచెం లోపలికి రావాలి. ఇంట్లో అంత లోతుకి మూయగలిగితే షాపులోది దానంతట అదే మూసుకుంటుంది. లెక్క తిరుగులేనిది. ఒక్కో పిడికి ఒక మిల్లీమీటరు రాశాడు. అక్కడితో ఆపి ఉంటే నేను చెప్పడానికి కథ ఉండేది కాదు.

ఆపలేకపోయాడు. ఎందుకంటే ఫిట్టరు రెండు లోహాలు కలిసే చోటు చూస్తే, అవి ఎంత బాగా కలిశాయో చూడకుండా నిద్రపోలేడు. బేరింగు సరిచూసేటప్పుడు పూసే నీలం రంగు ఒక పిడికి పూశాడు. గ్రిప్పర్‌ని పెరట్లో బెంచ్ వైస్ ఇనుప దవడల మధ్య పెట్టి బిగించి మూశాడు. విప్పి చూస్తే రెండో పిడి మీద నీలం ఒక అంచుకే అంటింది. అంటే ఒకవైపు ఎత్తుగా ఉందన్నమాట. రాశాడు. మళ్ళీ పూశాడు. ఈసారి రెండో అంచుకి అంటింది. అటు రాశాడు. అక్టోబరు పోయి నవంబరొచ్చింది. సాయంత్రం ప్రార్థనకి దీవెనమ్మ కళ్ళు మూసుకుంటే పెరట్లోంచి కరకరమని ఆకురాయి చప్పుడు.

"మీరు సెయ్యి బాగుసేసుకుంతన్నారా, దాన్ని బాగుసేత్తన్నారా?" అని ఆవిడ ఒకనాడు అడిగేసింది.

ఆడవాళ్ళకి పనితనం ఏం తెలుసులే అన్నట్టు నవ్వాడు. ఆ నవ్వుకి అతను తగిన మూల్యమే చెల్లించుకున్నాడు. వైస్‌లో పెట్టి బిగిస్తే గ్రిప్పర్ ప్రతిసారీ చక్కగా మూసుకునేది. వైస్‌కి బలానికి లోటేముంది? చేత్తో మూస్తే మాత్రం టక్ అనేది లేదు. ఎంత పిసికినా కాగితమంత సందు. వారం తర్వాత అంతే సందు. ఇంకో వారానికి కొంచెం ఎక్కువే అయినట్టుంది. అతను తన చేతినే అనుమానించాడు తప్ప ఆకురాయిని అనుమానించలేదు. అందరి ముందూ ఓడిపోతానేమోనని షాపులో మేకు మీది గ్రిప్పర్ జోలికి పోలేదు.

డిసెంబరులో క్యారల్స్ పాడుతూ ఇంటింటికీ తిరిగేటప్పుడు నక్షత్రం కట్టిన కర్ర ఎప్పుడూ అతనే పట్టుకునేవాడు. ఈసారి ఇంకొకరికిచ్చి వెనకవరసలో నడిచాడు. ఇరవైరెండో తారీఖు సాయంత్రం పెరట్లో పదకొండుసార్లు ప్రయత్నించాడు. పదకొండుసార్లూ వేళ్ళు అరిచేతికి ఆనుకుని ఆగిపోయాయి. దీవెనమ్మ వేడినీళ్ళ గిన్నె తెచ్చి పక్కన పెడితే, నీళ్ళు చల్లారేదాకా అందులోనే చెయ్యి ఉంచాడు. "నావల్ల కాదే," అన్నాడు చివరికి. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి పక్కన కూర్చుంది.

మర్నాడు ప్రొద్దున్నే ఆ గ్రిప్పర్‌ని, హోస్ క్లిప్పునీ షాపులో తుక్కు డబ్బాలో పడేద్దామని సంచిలో వేసుకుని బయల్దేరాడు. తిన్నగా ఫోర్‌మన్ దగ్గరికెళ్ళి, టూల్ రూమే ఖాయం చేసెయ్యమని చెప్పాడు. గురునాథరావు మేకు మీది గ్రిప్పర్ తీసి చేతికిచ్చాడు. మూయకపోయినా పరవాలేదు, పట్టి చూశాడని రాసుకోవాలి కదా అన్నాడు.

జ్ఞానశేఖర్ ఎటో చూస్తూ నొక్కాడు.

టక్‌మంది.

షాపులో సుత్తులు ఆగిపోయాయి. జ్ఞానశేఖర్ గ్రిప్పర్ వంక చూశాడు. మళ్ళీ నొక్కాడు. టక్. మూడోసారి వేళ్ళు తెరిచి సరిగ్గా పట్టుకుని, నెమ్మదిగా మూశాడు. టక్. ఇంకొకడైతే గంతులేసేవాడు. ఇతను స్ప్రింగుని వెలుతురుకేసి ఎత్తి పట్టుకుని చుట్లు లెక్కపెట్టాడు.

స్ప్రింగు వదులైపోయిందన్నాడు. ఈ పరీక్ష చెల్లదన్నాడు. తన గెలుపుని తనే కొట్టేసుకుంటున్నవాణ్ణి ఆ షాపు అంతకుముందు చూడలేదు.

ఉదయ్‌కుమార్ ముందుకొచ్చాడు. అతనిది పద్మనాభం అనే పల్లెటూరు. రోజూ తెల్లారకముందే రెండు గేదెల పాలు పితికి బస్సెక్కే మనిషి, షాపులో అతని పట్టుకి ఎదురులేదు. గ్రిప్పర్ తీసుకుని పళ్ళు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా నొక్కితే టక్‌మంది. స్ప్రింగు నిక్షేపంగా ఉందని ఒట్టేశాడు. జ్ఞానశేఖర్ సంచిలోంచి పొడుచుకొచ్చిందేమిటో చూపించమన్నాడు. దాన్ని పట్టుకుని నొక్కాడు. వేళ్ళు అరిచేతిలోకి దిగిపోయాయి గానీ పిడులు తగల్లేదు. రెండు చేతులతో నొక్కి, ఆయాసపడి, వెర్నియర్ తెమ్మన్నాడు. కొలిచి చూస్తే ఒక్కో పిడికీ నాలుగున్నర మిల్లీమీటర్లు అరిగిపోయి ఉంది.

"దీన్ని మనిసన్నోడు ముయ్యనేడు బావ," అన్నాడు ఉదయ్‌కుమార్. "వైసుకి తప్ప దీనికి ఎవుడూ సరిపోడు. నీ సెయ్యి ఎప్పుడో బాగైపోనాది. నువ్వే సూసుకోనేదు."

షాపంతా నవ్వింది. జ్ఞానశేఖర్ కూడా నవ్వబోయాడు, కానీ నమ్మకం కుదరలేదు. నాలుగు నెలలు రోజూ ఓడిపోయినవాడికి గెలుపు ఎవరో ఆడుతున్న పరాచికంలాగే ఉంటుంది. ఫోర్‌మన్ వైపు తిరిగి, రూలు పెట్టింది మీరే కాబట్టి మీరు కూడా ఒక్కసారి మూసి చూపిస్తే నమ్ముతానని బతిమాలాడు.

గురునాథరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇప్పుడవన్నీ ఎందుకు, పని చూసుకోండి అన్నాడు. అయినా ఎవరూ కదల్లేదు. ఇన్నేళ్ళలో ఆ మేకు ముందు నిలబడి ఎందరో పిడికిలి బిగించారు. ఆయన బిగించగా చూసినవాళ్ళు లేరు. ఆయన గ్రిప్పర్ అందుకుని నొక్కాడు. మొహం కందిపోయింది. ఒక వేలి సందు దగ్గర పిడులు ఆగిపోయాయి. ఇంకా నొక్కాడు. తర్వాత చెయ్యి వదిలేసి, గ్రిప్పర్ బల్ల మీద పెట్టాడు.

ఉదయ్‌కుమార్ అందర్నీ సైగ చేసి పనుల్లోకి తరిమాడు. జ్ఞానశేఖర్‌కి నాలుక కొరికేసుకోవాలనిపించింది. ఇన్నాళ్ళూ మొరటు మనిషి అనుకున్నాడు ఆయన్ని. ఈ షాపులో తనలా దాచుకుంటున్నవాడు ఇంకొకడున్నాడని ఊహించలేదు.

"ఈ సెయ్యి పట్టు పోయి రెండేళ్ళైనాది," అన్నాడు గురునాథరావు, బల్లకేసి చూస్తూ. "నన్ను ముయ్యమని అడిగినోడు ఎవుడూ నేడు. నాను సెప్పనేదు."

జ్ఞానశేఖర్ తన సంచిలోంచి హోస్ క్లిప్పు తీసి బల్ల మీదున్న షాపు గ్రిప్పర్‌కి తొడిగాడు. సందు ఎంత ఉంచాలో చూడాలి, చెయ్యి ఒకసారి ఇలా ఇవ్వమన్నాడు. తిడతాడనుకున్నాడు. ఆయన ఇచ్చాడు. చల్లగా ఉంది ఆ చెయ్యి, వేళ్ళ కణుపులు లావెక్కి ఉన్నాయి. దాన్ని జ్ఞానశేఖర్ తన కుడిచేతిలోకి తీసుకున్నాడు. పిడికిలి బిగియకుండా జాగ్రత్తపడ్డాడు.

"ఎన్నాళ్ళు పడతాది?"

"నాకు నాలుగు నెల్లు పట్టింది సార్."

"మార్చి ఆఖరికి రిటైరైపోతన్నాను," అన్నాడాయన. "మూడే ఉన్నాయి."

"సరిపోతాయి సార్," అన్నాడు జ్ఞానశేఖర్, చెయ్యి వదలకుండా.