వెనక సీటు వైపు తిరిగిన అద్దం

ఈ ఉదయం కారు తలుపు తీయగానే కాలిన క్లచ్ వాసన ముక్కుకు తగిలింది. నిన్న బండి తీసుకెళ్ళింది మా ఇంట్లో మనిషే. ఎన్నేళ్ళు నడిపినా క్లచ్ మీద నుంచి కాలు తీయడం ఆ మనిషికి అలవాటు కాలేదు. అంతవరకు మామూలే. సీట్లో కూర్చున్నాక చూస్తే లోపలి అద్దం వెనక సీటు కుడి మూలకి తిరిగి ఉంది. అక్కడ ఎవరిని కూర్చోబెట్టుకుని చూసిందో అనుకోగానే నాకు ఒళ్ళు మండింది. నిలదీద్దామని ఫోన్ తీశాను, మళ్ళీ పక్కన పెట్టాను. అద్దం సంగతి వస్తే నాకు ముందు మెహరున్నీసా మేడం గుర్తొస్తారు.

మేడం పటమటలో డ్రైవింగ్ స్కూలు నడుపుతారు. ఆటోనగర్‌లో వాళ్ళ నాన్నగారి షెడ్డులో స్పానర్లు అందిస్తూ పెరిగిన మనిషి. తల మీదుగా తెల్ల చున్నీ కప్పుకుని, ఎడమ సీట్లో తన కాలి కింద వేరే బ్రేకు ఒకటి పెట్టించుకుని, ఏలకులు నములుతూ కూర్చునేవారు. డిగ్రీ చివరి ఏడాదిలో నేనూ, నా ప్రాణ స్నేహితురాలు కీర్తనా, మా క్లాసు వంశీ ఆవిడ దగ్గర చేరాం. ముగ్గురికీ ఒకటే కారు. ఒకరు నడుపుతుంటే మిగతా ఇద్దరూ వెనక కూర్చుని తమ వంతు కోసం చూడాలి. ముందు వంశీ, తర్వాత కీర్తన, ఆఖరున నేను. వెనక ఎడమ కిటికీ వంశీది. కుడి మూల నాదీ కీర్తనదీ. తను నడిపేటప్పుడు నేను అక్కడ, నేను నడిపేటప్పుడు తను.

నాకు అప్పటికే వంశీ అంటే ఇష్టం. ఆ ఇష్టం ఉత్తది కాదని ఇప్పటికీ చెబుతాను. అతను చొక్కా చేతులు మడిచి గేరు మారుస్తుంటే నా చూపు అటే అతుక్కుపోయేది. అందుకే నా వంతు రాగానే అద్దాన్ని అతనున్న వైపు తిప్పుకునేదాన్ని. పక్కనే కీర్తన కూడా కనిపించేది. ఇద్దరూ చెరో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నవ్వుకుంటుంటే ఇక్కడ నేను ఫస్ట్ గేరులో ఉడికిపోయేదాన్ని. స్నేహితురాలై ఉండి నా వాణ్ణి ఎగరేసుకుపోతోందన్న అక్కసుతో ఇంటికెళ్ళి అమ్మ మీద విసుక్కున్న రోజులున్నాయి.

ఒకరోజు కంకిపాడు దాటాక మా ముందు వరిగడ్డి ట్రాక్టరు పోతోంది. గాలికి గడ్డి పరకలు కార్లోకి వచ్చి పడుతున్నాయి. కీర్తన జుట్టులో చిక్కుకున్న పరకని వంశీ తీశాడు. తీసిన చెయ్యి వెంటనే వెనక్కి రాలేదు. నేను అద్దంలో దాన్నే చూస్తున్నాను. మేడం తన బ్రేకు తొక్కబట్టి సరిపోయింది, లేకపోతే గడ్డిలో దూరిపోయేవాళ్ళం.

ఆవిడ కోప్పడలేదు. కాలవ పక్కన టీ బండి దగ్గర ఆపించి, వాళ్ళిద్దర్నీ టీ తాగి రమ్మని పంపారు. నన్ను మాత్రం దిగనివ్వలేదు.

"ఎటు చూస్తే బండి అటే పోద్దమ్మా," అన్నారు. "చేరిన కొత్తలో ఎక్కంగానే అద్దం అబ్బాయి వైపు తిప్పేదానివి. అది మానేసి చాన్నాళ్ళయింది. ఇప్పుడు నువ్వు చూసేది అమ్మాయిని."

తలెత్తి చూస్తే అద్దంలో కుడి మూల ఉంది. కీర్తన వదిలి వెళ్ళిన చున్నీ ఉంది. నేను కుళ్ళుకుంటున్నది కీర్తన మీద కాదు, వంశీ మీద. ఆ పరక తీసిన చెయ్యి నాది కానందుకు. ఆ సంగతి అంత సూటిగా తెలిశాక భయంతో ఏడుపొచ్చింది. అయితే వంశీ అంటే ఇష్టమన్నది అబద్ధమా అని ఆవిడనే అడిగాను.

"అబద్ధమని నేనన్నానా? ఇది నిజమైతే అది అబద్ధమవ్వాలా ఏంటి? ఇద్దరూ ఇష్టమే, సరే. ఉంటారమ్మా అట్టాంటోళ్ళు. బండి మాత్రం ముందుకి చూసి నడుపు," అన్నారు మేడం. అని, నా చేతిలో రెండు ఏలకులు పెట్టారు. ఎటో ఒక వైపు తేల్చుకోమని అనకుండా నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే.

మర్నాడు వంశీ నన్ను పక్కకి పిలిచి, సాయంత్రం కీర్తనకి తన మనసులో మాట చెప్పేస్తానన్నాడు. కీర్తన కాదనదు కదా అని నన్నే అడిగాడు. ఆ సాయంత్రంతో ఇద్దరూ నాకు ఒకేసారి దూరమవుతారు. కీర్తన వంతు అయ్యేదాకా కుడి మూలలో కూర్చుని లోలోపల రగిలిపోయాను. తను దిగాక నా ఎర్ర సంచిని సీటు మీదే వదిలేసి ముందుకెళ్ళాను. బుద్ధిగా అద్దాన్ని రోడ్డు వైపు తిప్పబోతే మేడం నా చెయ్యి పట్టుకున్నారు.

"ముట్టుకోకు. పొద్దున బండి తుడిచి దీన్ని నేనే సరిచేశా. వంశీ తిప్పలా. ఇప్పుడు ఎటుందో చూడు."

అద్దంలో కుడి మూల ఉంది. సీటు మీద నా ఎర్ర సంచి ఉంది. కీర్తన నడిపినంతసేపూ చూసింది నన్ను. ఇన్నాళ్ళూ నేను ఎక్కేసరికే అద్దం అటు తిరిగి ఉంటే, ముందురోజు నేను తిప్పిందే అలా ఉండిపోయిందనుకున్నాను.

వెనక తలుపు తెరుచుకుంది. కీర్తన కూర్చుని, నా సంచిని ఒళ్ళో పెట్టుకుని తలెత్తింది. ముఖం ఎర్రబడింది గానీ చూపు తిప్పుకోలేదు. నేనూ తిప్పుకోలేదు. మేడం ఒక ఏలక్కాయ నోట్లో వేసుకుని, "ఇంక చాలు, రోడ్డు చూడు," అన్నారు.

సాయంత్రం వంశీ అడిగాడు, కీర్తన కాదంది. చాలాకాలం అతను మా ఇద్దరితో మాట్లాడలేదు, తర్వాత తనే వచ్చి కలిశాడు. అతని పెళ్ళిలో పెళ్ళికూతురు దండ వేస్తుంటే నాకు చురుక్కుమన్న మాట నిజం. అది కనిపెట్టి కీర్తన నా చెయ్యి గిల్లింది. దాని బాధ దానిది. నేనూ కీర్తనా ఒక ఇంట్లో ఉండడం మొదలుపెట్టాక మా అమ్మ నాతో మాట్లాడుతూనే ఉంది గానీ కీర్తనతో మానేసింది. మంగళగిరి నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చినా కీర్తన ఇచ్చిన కాఫీ ముట్టదు.

ఎవరు నడిపిన బండి ఎక్కినా, అద్దం సరిచేసుకునే ముందు అది ఎటు తిరిగి ఉందో చూడటం నాకు మేడం దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. అయితే ఆవిడ నేర్పిన నిదానం నాకు అంతగా అబ్బలేదు. ఫోన్ మళ్ళీ తీసి, నిన్న వెనక ఎవరిని ఎక్కించుకున్నావని కీర్తనని గట్టిగానే అడిగాను.

"మీ అమ్మని," అంది. "మంగళగిరిలో బస్సు కోసం నిలబడి ఉంటే ఆపాను. ముందు కూర్చోమంటే వినలేదు."

నీతో ఏమైనా మాట్లాడిందా అని అడిగాను.

"దిగేముందు ఒక్క మాటంది. ఏదో కాలుతున్న వాసనొస్తోంది, చూసుకోమ్మా, అంది."

ఆ వాసన పోవాలని కిటికీ అద్దం దించబోతున్నదాన్ని, దించకుండా వదిలేశాను.